కుటుంబ ఛాయాచిత్రముల చారిత్రక ప్రామాణ్యము

ఆంధ్రదేశ సాంఘిక చరిత్రను వ్రాయబూనువారికి శాసనములు, కైఫీయతులు, తాళపత్ర గ్రంథములు, దస్తావేజులు మున్నగు ఆధారములు పెక్కు కలవు. వీనిని పరిశీలించుటకు తగిన పద్ధతులను మన పండితులు ఏర్పఱచియే యున్నారు. లిపిని బట్టి శాసన కాలమును నిర్ణయించుటయు, ఒక కావ్యమునకు గల పలు ప్రతులను పోల్చి లేఖక ప్రమాదములను తొలగించుటయు మన పరిశోధక విద్యార్థులకు కొత్త గాదు. కాని నూఱేండ్లకు పైబడి మన యిండ్ల గోడలమీదను, ట్రంకుపెట్టెలలోను పడియున్న ఛాయాచిత్రములను ఇట్టి శ్రద్ధతో చదివినవారు అరుదు. గ్రంథములలో వానిని అలంకారముగ ముద్రించుచున్నారే గాని, సాక్షినడిగినట్లు ప్రశ్నించి, వాని మాటలోని నిజానిజములను విచారించుట లేదు.

ఇటీవల ఈ చిత్రములకు మఱియొక దశ ప్రాప్తించినది. స్కానరులును, కంప్యూటరులును అందఱకును అందుబాటులోనికి వచ్చినందున పాత చిత్రములను డిజిటలు ప్రతులుగ మార్చుకొనుట ప్రతి కుటుంబమునను జరుగుచున్నది. ఇది సంతోషింపదగిన విషయమే. చెదలకును, చెమ్మకును ఆహుతి కావలసిన చిత్రములెన్నియో దీనివలన నిలిచినవి. ఐతే ప్రతి తీయుటతో తృప్తి పడువారు కొలదిమంది. మరకలను మాన్పవలెను, ముడుతలను సరిచేయవలెను, వెలిసిన ముఖములకు కాంతి తేవలెను, నలుపు తెలుపుల చిత్రమునకు రంగులద్దవలెను అను కోరిక సహజముగనే కలుగుచున్నది. ఈ పనులన్నింటిని నేడు యంత్రమే క్షణమాత్రమున చేయుచున్నది. ఇట్లు బాగుచేయబడిన చిత్రము చరిత్రకారునకు ఏమాత్రము పనికివచ్చును? ఈ ప్రశ్న మాకు గ్రంథముల వలన గాక, మా యింటిలోనే జరిగిన ఒక పొరపాటు వలన ఎదురైనది. స్వవిషయమును పరిశోధన పత్రికలో ప్రస్తావించుట ఉచితము గాదని ఎఱిగియు, ఉదాహరణము ఇంతకంటె స్పష్టముగ దొరకనందున దానిని ఇచట విన్నవించుచున్నాము.

మా అమ్మమ్మగారి యింట, పడమటింటి గోడకు ఒక చిన్న చిత్రము వ్రేలాడుచుండెడిది. అరచేతిలో ఇముడునంతటిది. దళసరి అట్టకు అంటించి, అద్దము బిగించి, కొయ్యచట్రములో అమర్చినది. అందు ఏడుగురు కలరు. వెనుక నలుగురు నిలుచుండిరి; ముందు ఇద్దఱు స్త్రీలు కుర్చీలలో కూర్చుండిరి. వారిలో ఒకరు మా అమ్మమ్మగారి అక్కగారు. ఆమె ఒడిలో మూడేండ్ల బాలుడొకడు. అట్ట వెనుక మా అమ్మమ్మగారు అందఱి పేర్లను వరుసగ వ్రాసియుండిరి. చిన్ననాట మేమది పలుమార్లు చూచితిమి గాని, చదివి జ్ఞాపకముంచుకొనవలెనను బుద్ధి మాకు కలుగలేదు.

కొంతకాలము క్రిందట కుటుంబములోనివారు ఈ చిత్రమును పెద్దదిగ చేయింపదలచి ఒక స్టూడియోకు ఇచ్చిరి. అచటివారు అద్దమును, చట్రమును తీసివేసి, చిత్రమును అట్టనుండి ఊడబెఱికి, చీకిన అంచులను కత్తిరించి, స్కాను చేసి, రంగులు కలిపి నిలువెత్తు పటముగ చేసి యిచ్చిరి. అది చూడముచ్చటగనే యున్నది. మూలచిత్రమును ఒక కవరులో పెట్టి తిరిగి యిచ్చిరి. అట్ట మాత్రము లేదు. అడుగగా, చెదతిన్న అట్ట యేల యని పాఱవైచితిమనిరి. వారిని నిందింపలేము. చిత్రము వెనుక చరిత్ర యుండునని వారికి చెప్పినవారెవరు?

ఆ తరువాత మా బంధువర్గములోని ఒక యువకుడు వంశచరిత్రను వ్రాయబూనెను. శ్రద్ధ గలవాడు. దస్తావేజులను సంపాదించి చదివినవాడు. మా అమ్మమ్మగారి అక్కగారికి 1927లో భర్తృవియోగము కలిగెననియు, ఆమె 1930లో నాలుగేండ్ల బాలుని దత్తు తీసికొనెననియు రిజిస్టరయిన దత్తపత్రము వలన తెలియుచున్నది. నాటి మదరాసు రాజధానిలో విధవ దత్తు తీసికొనవలెనన్న భర్త అనుజ్ఞగాని, జ్ఞాతుల సమ్మతిగాని ఉండవలసినందున ఆ పత్రమున ఈ వివరములన్నియు విపులముగనే వ్రాయబడినవి. పురుషసంతతి లేనందున దత్తు తీసికొనుచున్నట్లు అందు కలదు. ఇక పటమును చూడగా ఆమె నొసట బొట్టు లేదు. చీర పాలిపోయిన తెలుపు. ఒడిలో బాలుడు. కావున ఈ చిత్రము 1930లో దత్తత సందర్భమున తీసినదనియు, ఒడిలోని బాలుడు దత్తపుత్రుడే యనియు అతడు నిర్ణయించెను. ఈ నిర్ణయమున లోపము మాకును మొదట కనిపింపలేదు. దస్తావేజు, చిత్రము ఒకదానినొకటి ఇంత చక్కగా సమర్థించునప్పుడు శంకించువారెవరు?

శంకకు కారణము ఒక పాత కెమేరా. మా తాతగారి తమ్ముడు రైల్వేలో ఉద్యోగము చేసిరి. ఆయన పెట్టె అటకమీద నుండెను. దానిని దింపి చూడగా అందు ఒక మడతకెమేరాయు, కొన్ని నెగెటివులు గల కాగితపు సంచియు లభించినవి. కెమేరా కొడాక్ వారి రెండవ నంబరు ఫోల్డింగు ఆటోగ్రాఫిక్ బ్రౌనీ. ఈ రకము 1915 మొదలు 1926 వఱకు తయారైనది. మూసినప్పుడు దళసరి పుస్తకమువలె నుండును. ముందు తలుపును దింపి, కటకమును ముందుకు లాగినచో తోలుతిత్తి విచ్చుకొనును. దీనికి వాడు 120 రకపు చుట్టఫిల్ము 1901లో వచ్చినది. ఆశ్చర్యమేమనగా ఆ కొలతగల ఫిల్ము నేటికిని అంగళ్లలో దొరకుచున్నది. కావున ఈ కెమేరాను బాగుచేసి ఒక చుట్ట నడిపి చూడవలెనని సంకల్పించితిమి. మొదట ఇది కేవలము వేడుకయే యని ఒప్పుకొనవలసియున్నది.

పాత కెమేరాను బాగుచేయుట ఎట్లో రెండు మాటలు చెప్పుట అప్రస్తుతము కాజాలదు. ముందు తిత్తిని పరీక్షింపవలెను. చీకటిగదిలో తిత్తి లోపల చిన్న టార్చిదీపము నుంచి చూచినచో మడతల మూలలయందు సూదిబెజ్జముల గుండ వెలుతురు నక్షత్రములవలె కనబడును. మా కెమేరాకు ఇట్టివి పదునొకండు. నల్లని వంగెడి రంగును సన్నకుంచెతో లోపలివైపున పూసి వానిని మూసితిమి. షట్టరు రేకులు పాత నూనె గట్టిపడి అంటుకొనిపోయినవి. వానికి మరల నూనె వేయరాదు. లైటరులలో పోయు తేలికపాటి నాఫ్తాతో కడిగి, పొడిగ ఆరనీయవలెను. అట్లు చేయగా 25, 50 అను రెండు వేగములును పలికినవి. రెండును కొంత మందగతివే. కటకముపై బూజుతీగలు పాకియుండగా తుడిచితిమి గాని, బూజు గాజును కొఱికిన చోటులు పోలేదు, పోవు. తోలుమీది గీతలను, నికెలుపై చిలుమును ఉన్నవి ఉన్నట్లే విడిచితిమి. పనికి అడ్డముకాని ముదిమిని తొలగించుట మా ఉద్దేశము కాదు.

ఈ పనిలో రెండు వస్తువులు మా దృష్టిని ఆకర్షించినవి. మొదటిది కెమేరా వెనుక రేకునకుగల ఒక సన్నని తలుపు. దాని ప్రక్క దోపబడిన లోహపు ములుకు. రెండవది ఫిల్ము అంకెలను చూచుకొనుటకు వెనుకనే అమర్చిన ఎఱ్ఱని గవాక్షము. ఈ రెండును మాకు పాఠములు చెప్పినవి.

ఆటోగ్రాఫిక్ పద్ధతిని హెన్రీ గెయిస్మన్ అను అమెరికను కనిపెట్టగా కొడాక్ వారు ఆ హక్కులను కొని 1914లో ప్రచారమునకు తెచ్చిరి. దీనికై తయారుచేసిన ఫిల్ము వెనుక పలుచని కాగితమును, దానికిని ఫిల్ముకును నడుమ మసిపూసినవంటి నల్లని పొరయు నుండును. చిత్రము తీసిన పిదప వెనుక తలుపును తెఱచి, ములుకుతో కాగితముపై వ్రాసి, కొన్ని క్షణములు ఆకాశమునకు చూపవలెను. ములుకు నొక్కిన చోట పొర పలుచబడి వెలుతురు లోనికి పోవును. చిత్రమునకును చిత్రమునకును నడుమగల ఖాళీపట్టెపై ఆ వ్రాత అచ్చుపడును. నెగెటివుపై నల్లగను, ముద్రించినచో నల్లని పట్టెపై తెల్లగను కనబడును. తేదీ, స్థలము, మనుష్యుల పేర్లు మఱచిపోకుండుటకై చేసిన ఏర్పాటిది. తాళపత్రము చివర లేఖకుడు వ్రాయు గద్యవంటిదని మనవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

సంచిలోని నెగెటివులను మేము అంతకు పూర్వమే చూచియుంటిమి. వానిలో నొకటి గోడమీది చిత్రమునకు మూలమైనది. దాని అంచున కొన్ని గీతలున్నను, అవి ఫిల్ము గీసికొనిపోయిన గుర్తులని తలచి స్కానులో అంచును వదలివేసితిమి. స్టూడియోవారు చేసిన తప్పునే మేమును చేసితిమన్నమాట! ములుకును చూచిన తరువాత మరల ఆ నెగెటివును తీసి పరిశీలించితిమి. మేము దానిని వెనుకముందుగ పెట్టి చూచినందున అక్షరములు అద్దములోవలె తాఱుమారై గీతలుగ తోచినవి. సరియైన ప్రక్కను త్రిప్పగా స్త్రీల పైటలు ఎడమ భుజమునకు వచ్చినవి, గీతలు తెలుగక్షరములైనవి. "రక్తాక్షి మాఘ" అని స్పష్టముగ చదువనగుచున్నది. తరువాతి రెండు మూడక్షరములు అలుకుకొనిపోయినవి. రక్తాక్షి సంవత్సరము 1924 వసంతమున ప్రారంభమైనది. దాని మాఘమాసము 1925 జనవరి, ఫిబ్రవరి నెలలలో పడును.

ఒక సందేహమునకు ఇచట సమాధానము చెప్పవలెను. నెగెటివు ఈ కెమేరాతో తీసినదే యని ఎట్లు చెప్పగలము? కెమేరా లోపల ఫిల్ము ముందు చిత్రపు మేరను నిర్ణయించు లోహపు చట్రమొకటి యుండును. దాని అంచులోని నొక్కులు, కంటికానని ముండ్లు ప్రతి నెగెటివు అంచున యథాతథముగ దిగును. మా కెమేరా చట్రమున క్రింది అంచులో ఒక నొక్కు కలదు. మేము కొత్తగ తీసిన చిత్రముల యందును, సంచిలోని నెగెటివులన్నింటియందును అదే చోట ఆ నొక్కు కనబడుచున్నది. చేవ్రాలువలె ఇది నమ్మదగినది. కెమేరా తయారైన కాలమును బట్టి చిత్రము 1915కు ముందుది కాదని మాత్రమే చెప్పగలము. ఒక కెమేరాను ముప్పదియేండ్లు వాడినవారు కలరు గావున పైమేర దానివలన తేలదు. అంచుమీది వ్రాతయే కాలమును తేల్చినది.

1925లో మా అమ్మమ్మగారి అక్కగారు సుమంగళి. మఱి పటమున బొట్టు లేకుండుట యెట్లు? ఇచటనే ఎఱ్ఱ గవాక్షము చెప్పిన పాఠము వచ్చుచున్నది.

మేము నడిపిన మొదటి చుట్టలో చిత్రములన్నింటను ఒక ప్రక్క వట్రువైన తెల్లమచ్చ పడినది. తిత్తిలో ఇంకను బెజ్జములు మిగిలినవేమో యని మరల వెదకితిమి. కారణము అది కాదు. ఎఱ్ఱ గవాక్షము గుండ వచ్చిన వెలుతురు కాగితమును దాటి ఫిల్మును తాకినది. కెమేరాను చేసినవారికి ఈ బాధ తెలియదా? వారికి ఈ బాధ లేనేలేదు. నాటి ఫిల్ముకు ఎఱుపు కనబడదు. నేటి పాంక్రొమాటిక్ ఫిల్ముకు అన్ని రంగులును కనబడును. గవాక్షమునకు నల్లని టేపు అంటింపగా రెండవ చుట్టలో మచ్చలు లేవు.

ఛాయాచిత్రణమునకు వాడు వెండిలవణములు స్వభావముచేత నీలకాంతికి మాత్రమే చలించును. 1873లో వోగెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు రంగులు కలిపి వానికి ఆకుపచ్చను గూడ చూపు మార్గము కనుగొనెను. ఇట్టి వానినే ఆర్థోక్రొమాటిక్ అందురు. ఎఱుపును సైతము గ్రహించు పలకలు 1906 నాటికి అమ్మకమునకు వచ్చినను, కుటుంబములవారు వాడు చుట్టఫిల్ములలోనికి ఆ గుణము వ్యాపించుటకు చాలకాలము పట్టినది. కొడాక్ వారు 1931లో వెడలించిన వెరిక్రోము ఎఱుపును ఎఱుగని ఫిల్మే. దాని స్థానమున వెరిక్రోమ్ పాన్ వచ్చినది 1956లో మాత్రమే. కావున 1950 ప్రాంతము వఱకుగల మన యిండ్ల చిత్రములను చూచువారు కొన్ని సంగతులను మనస్సున నుంచుకొనవలెను. కుంకుమబొట్టు నల్లగ పడును. ఎఱ్ఱచీర నల్లచీరగ కనబడును. పసుపు మొదటికాలపు పలకలపై ముదురుగను, ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముపై కొంత తేటగను వచ్చును. లేతనీలపు చీర మాత్రము తెల్లచీరవలెనే పాలిపోవును. నలుపు తెలుపుల చిత్రమున తెల్లని చీర గట్టిన స్త్రీ తెల్లచీరయే కట్టినదని చెప్పుటకు వీలులేదు.

మా చిత్రమున జరిగినది ఇదియే. ఆమె నొసట గుండుసూది తలకంటె చిన్నదైన నల్లని చుక్క యొకటి కలదు. ధూళిని, మరకలను తొలగించు యంత్రమునకు నల్లని చుక్కయెల్ల మరకయే. అది బొట్టును తుడిచివేసినది. నెలవంటి తెలుపుగ పడిన చీరకు పాలిపోయిన రంగు పూసినది. చేతిగాజులు బాలుని వెనుక మఱుగుపడినవి. నల్లపూసలు పైటచాటున నున్నవి. ఆ కాలపు స్త్రీకి సౌభాగ్యచిహ్నముగ చిత్రమున మిగిలినది ఆ యొక్క చుక్కయే. దానిని తుడుచుట చేత రెండేండ్లు ముందుగనే ఆమెను విధవను చేసినట్లయినది.

ఆ చుక్క నిజముగ బొట్టే యని, బూజు చేసిన రంధ్రము గాదని ఎట్లు నిశ్చయించితిమో చెప్పెదము. నెగెటివుపై బొట్టున్నచోట స్వచ్ఛముగ నుండును. బూజు జెలటిను పొరను తినివేసినచోటును అట్లే స్వచ్ఛముగ నుండును. భేదమును తెలియుటకు నెగెటివును ఏటవాలు వెలుతురులో భూతద్దముతో చూడవలెను. బూజు తిన్నచోట పొర గుంటపడును. మా నెగెటివున అచట పొర నున్నగ, అవిచ్ఛిన్నముగ నున్నది. ప్రక్కను కూర్చున్న రెండవ స్త్రీ నొసటను అదేచోట అట్టి చుక్కయే కలదు. స్కానరు కన్ను పైనుండి మాత్రమే చూచును గావున ఈ భేదము ఎంతటి మేలైన డిజిటలు ప్రతియందును తెలియదు. డిజిటలు ప్రతి లభించినది గదా యని మూలమును పాఱవేయువారు దీనిని గమనింతురు గాక.

ఇక ఒడిలోని బాలుని సంగతి. దత్తపుత్రుడు 1926లో జన్మించెను. 1925 మాఘమాసమున తీసిన చిత్రమున మూడేండ్ల బాలుడుగ అతడుండుట అసంభవము. తొంబదియేండ్లు దాటిన మా పెద్దమ్మగారిని అడిగితిమి. "దొడ్డమ్మకు ఒక పిల్లవాడు పుట్టిపోయినాడని మా అమ్మ అనేది. పేరెప్పుడూ చెప్పలేదు, చెప్పబోతే కళ్లనీళ్లు పెట్టుకొనేది" అని ఆమె చెప్పిరి. దత్తపత్రములోని "పురుషసంతతి లేనందున" అను మాట పత్రము వ్రాయునాటి స్థితిని చెప్పుచున్నదే గాని అంతకు మునుపు పుట్టలేదని చెప్పుట లేదు. పత్రము అబద్ధమాడలేదు. చిత్రము అబద్ధమాడలేదు. బాగుచేసిన చిత్రము మాత్రము అబద్ధమాడినది. మా వంశచరిత్రలో ఒక బిడ్డ మూడేండ్లు బ్రతికెనను మాటకు ఆ అరచేతి చిత్రముతప్ప వేఱొక నిదర్శనము లేదు.

చిత్రములను దిద్దుట యంత్రములతో పుట్టిన జాడ్యమని తలపరాదు. కెప్టెన్ లిన్నేయస్ ట్రైప్ 1855లో బర్మాదేశమున తీసిన చిత్రములలో ఆకాశమున మేఘములు కనబడును. ఆనాటి కాగితపు నెగెటివులు నీలమునకే లోబడునవి గావున ఆకాశమంతయు ఒకే తెలుపుగ పడును. ఆ మేఘములు ట్రైప్ నెగెటివుపై రంగుతో చేర్చినవి. అదే ట్రైప్ 1858లో మదరాసు మ్యూజియమున నున్న అమరావతి శిల్పములను చిత్రించెను. సర్ వాల్టర్ ఎలియట్ 1845లో త్రవ్వించి మదరాసుకు చేర్చిన ఆ ఫలకములలో పెక్కు తరువాత లండనుకు తరలిపోయినవి. సముద్రము దాటకమునుపు ఆ ఫలకముల స్థితి యెట్టిదో తెలిసికొనుటకు ట్రైప్ చిత్రములే శరణ్యము. మేఘములు వ్రాసిన చేయియే శిల్పములను చిత్రించినది గదా యని వానిని త్రోసివేయము. ఎచట దిద్దెనో తెలిసియున్నంత కాలము దిద్దుబాటు ప్రమాదకరము కాదు.

హైదరాబాదున ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ఆస్థాన చిత్రకారుడై, రాజా బిరుదమునందిన లాలా దీన్ దయాళ్ విషయమును ఇచటనే స్మరింపవచ్చును. సికింద్రాబాదున స్టూడియో నడిపి, 1892లో హైదరాబాదున ఘోషాస్త్రీలకై వేఱొక స్టూడియోను తెఱచి, దానిని ఒక ఆంగ్లవనిత యాజమాన్యమున నుంచెను. ఆయన 1905లో గతించెను. 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరిన ఆయన గాజుపలకలు 2857. కాగితపు ముద్రణములు వెలిసినను, కత్తిరింపబడినను, ఈ పలకలనుండి మొదటి రూపమును తెలిసికొనవచ్చును. రాజులకు గలిగిన ఈ భాగ్యము సామాన్య గృహస్థులకు లేదు. మన యిండ్లలో ఒక చిత్రమునకు సాధారణముగ ఒకే ప్రతి. నెగెటివు మిగులుట అపూర్వము. మాకు మిగులుట కేవలము అదృష్టము.

బ్రౌను దొర ఒక్కొక్క గ్రంథమునకు పలు ప్రతులను సేకరింపించి, పండితులచే పోల్పించి, శుద్ధప్రతులను వ్రాయించిన సంగతి జగద్విదితము. ఆ శుద్ధప్రతులలో పండితుల దిద్దుబాట్లు చేరినవని ఆక్షేపించువారును కలరు. ఐనను ఆధారమైన వ్రాతప్రతులు నిలిచియున్న చోట మనము సరిచూచుకొనుటకు వీలున్నది. ఛాయాచిత్రమునకును ఈ న్యాయమే చెల్లును. మూలప్రతి వేఱు, శుద్ధప్రతి వేఱు అని మొదట విభజించుకొనవలెను. మూలప్రతి అనగా చిత్రమును అంచులతో, అట్టతో, మరకలతో, వెనుకప్రక్కతో ఉన్నదున్నట్లు స్కాను చేసినది. నలుపు తెలుపుల చిత్రమునైనను రంగుల పద్ధతిలోనే స్కాను చేయవలెను. ఏలయన సిరా రంగు, పసుపుబాఱిన తీరు, అంచున వెండి తేలిన మెఱుగు ఇవన్నియు కాలనిర్ణయమునకు తోడ్పడునవి. ముద్రితచిత్రమునకు అంగుళమునకు 600 చుక్కలును, ఈ కొలత నెగెటివునకు 2400 చుక్కలును చాలును. కుదింపు లేని టిఫ్ రూపమున భద్రపఱుపవలెను. ఈ ప్రతిని ఎవ్వరును దిద్దరాదు. శుద్ధప్రతిలో ఎంత దిద్దినను దోషము లేదు, దిద్దినదని దానిపై వ్రాసినచో.

అద్దమునకు అంటుకొనిపోయిన చిత్రములు మన తీరప్రాంతపు ఇండ్లలో మెండు. వానిని ఊడబెఱుకరాదు; అద్దముతోనే ప్రతి తీయవలెను. జిగురుపుటల ఆల్బములలో నుంచిన 1970, 1980 ప్రాంతపు రంగుచిత్రముల గతి వీనికంటె హీనము. నలుపు తెలుపుల చిత్రము వెండితో నిలుచును, రంగుచిత్రము అద్దకముతో నిలుచును. ఆ అద్దకములలో కొన్ని ముందుగ వెలసిపోవుటచే పెండ్లిచిత్రములన్నియు జేగురురంగునకు తిరుగుచున్నవి. తాతల చిత్రములకంటె తండ్రుల చిత్రములే ముందు నశించునను మాట వింతగ తోచినను నిజము. ప్రతి తీయుటలో వీనికే మొదటి స్థానమీయవలెను.

పాత నెగెటివులను గూర్చి ఒక హెచ్చరిక. 1920 ప్రాంతపు చుట్టఫిల్ములు నైట్రేటు సెల్యులాయిడుతో చేసినవి. కొడాక్ వారు 1951 వఱకు నైట్రేటును పూర్తిగ మానలేదు. ఇవి పాతబడినకొలది పసుపెక్కి, జిగటలై, ఘాటైన వాసన వేయును, త్వరగ నిప్పంటుకొనును. వేసవిలో అటకమీది ఇనుపపెట్టె వీనికి తగిన చోటు కానేకాదు. మా నెగెటివులు తొంబదియేండ్లు అచటనే యుండియు నిలిచినవనగా ఎవరి పుణ్యమో. ఇప్పుడు వానిని ఒక్కొక్కటిగ కాగితపు కవరులలో నుంచి, ఇంటికి దూరముగ, చల్లనిచోట భద్రపఱచితిమి. తరువాత వచ్చిన ఎసిటేటు ఫిల్ము మండదు గాని, పులిసి వినెగరువాసన వేయుచు ముడుచుకొనిపోవును.

బాగుచేసిన కెమేరాతో మేము తీసిన రెండవ చుట్టలో మా పెద్దమ్మగారి చిత్రము కలదు. ఎఱుపును చూడగల ఫిల్ముపై ఆమె కుంకుమ లేతబూడిదరంగుగ, ఉన్నదో లేదో తెలియనట్లు పడినది. మా అమ్మమ్మగారి అక్కగారి నొసట నల్లని చుక్క, ఈమె నొసట దాదాపు శూన్యము. రెండు చిత్రములను ప్రక్కప్రక్కన నుంచి, వివరణము లేక భావితరములవారికి చూపినచో వారేమని నిర్ణయింతురో ఊహింపవచ్చును. కావున ఆ ఫిల్ము పేరును, తేదీని, ఆమె నుదుట కుంకుమ యుండెనను మాటను చిత్రము వెనుక పెన్సిలుతో వ్రాసితిమి.

గోడమీది చిత్రమునకు మేము వ్రాసికొన్న పట్టికలో ఇప్పుడిట్లున్నది. కెమేరా: ఆటోగ్రాఫిక్ బ్రౌనీ. కాలము: రక్తాక్షి మాఘము, అనగా 1925. ఆధారము: నెగెటివు అంచున వ్రాత. వెనుక వరుస నలుగురి పేర్లు: పెద్దమ్మగారు చెప్పినవి. కుర్చీలలో ఇద్దఱి పేర్లు: పెద్దమ్మగారు చెప్పినవి. బాలుని పేరు: అట్టమీద వ్రాసియుండెను. అట్ట లేదు.